తిన్నవన్నీ రాసిన పుస్తకం

గతవారం మనం ఆ వంటింటి గడప దాటి ఇవతలికి వచ్చేసరికి బైండరమ్మ చేతిలో రక్తపరీక్ష కవరు ఉంది. చివికిపోయిన పుస్తకాల కుట్టు విప్పడంలో ఆ పేటలో ఆమెను మించినవాళ్ళు లేరు గానీ, ఆ ఒక్క కవరు అంచు చింపడానికి మాత్రం ఆమెకు చేతులు రాలేదు.

కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఏడాదిగా ఆమెకు కడుపు ఉబ్బరం, నీరసం, నోట్లో పుళ్ళు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. తిరగని ఆసుపత్రి లేదు, మింగని మాత్ర లేదు. చివరికి ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని, "ఇది సీలియాక్ అయ్యుండొచ్చు. గోధుమలో గ్లూటెన్ అని ఒకటుంటుంది. కొందరి పేగులకు అది పడదు" అని రక్తం తీయించింది. పరీక్షలో అంకె హద్దుగీతకు వెంట్రుకవాసి పైన వచ్చింది. ఉందనడానికి చాలదు, లేదనడానికి ఎక్కువ. తేల్చుకోవడానికి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూద్దామన్నారు. ఆ పరీక్షకు ఐదు వారాల గడువుంది. ఇక్కడే ఆమె భర్త అతిప్రేమ కొంపముంచింది. బడిలో సైన్సు లాబ్ చూసుకునే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని లాబ్ మాస్టారంటారు. మర్నాడే ఇంట్లో ఉన్న గోధుమపిండి, బ్రెడ్డు, బిస్కెట్లు మూటగట్టి బయట పడేశాడు. ఐదు వారాలు గోధుమ నలుసు కూడా తగలనివ్వకుండా భార్యను కాపాడి, తీరా పరీక్షకు తీసుకెళ్తే డాక్టరమ్మ తల పట్టుకుంది. "పరీక్షకు ముందు మానకూడదండీ! తింటేనే కదా పేగు ఏం చేస్తోందో కనపడేది!" అంది. ఫలితం మళ్ళీ అటూ ఇటూ కాకుండా వచ్చింది.

అప్పుడు డాక్టరమ్మ రెండు దారులు చూపించింది. మళ్ళీ కొన్ని వారాలపాటు రోజూ గోధుమ తిని, బాధపడి, గొట్టం పరీక్ష మొదటినుంచీ చేయించుకోవడం ఒకటి. మూడు నెలలు పూర్తిగా మానేసి, ఒళ్ళూ రక్తమూ ఏం చెబుతాయో చూడటం రెండోది. మొదటిదానికి బైండరమ్మ ససేమిరా అంది. రెండోదే పట్టుకుంది. మొదటి నెల ఆమె మళ్ళీ మనిషయింది, బట్టలు ఆరేస్తూ కూనిరాగం కూడా తీసింది. రెండో నెల నుంచి పాత రోగం పాత చోటుకే వచ్చి కూర్చుంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ మూడు నెలల తీర్పే ఇప్పుడు కవర్లో ఉంది.

"ఇటియ్యి" అని కవరు లాక్కుంది వదినగారు.

వదినగారంటే లాబ్ మాస్టారి అక్క. ఇరవై ఏళ్ళుగా మందుల షాపు కౌంటర్లో నిలబడి, సగం డాక్టరయ్యానని ఆవిడకు గట్టి నమ్మకం. మనసు మంచిదే. మరదలి కోసం పాత టోస్టరు పారేసి కొత్త గిన్నెలు కొనుక్కొచ్చింది ఆవిడే. నోటితోనే వచ్చింది చిక్కంతా. కాగితం విప్పి కళ్ళజోడు పైకి తోసి చదివింది. ముఖం ముడుచుకుంది.

"పెరిగింది" అంది.

"తగ్గిందా?" అన్నాడు తమ్ముడు. కొన్ని మాటలు వినబడినా మనం వినం.

"పెరిగిందిరా. మొదటిసారి కంటే పెరిగింది."

బైండరమ్మ గ్యాస్ పొయ్యి గట్టును పట్టుకుని నిలబడింది. లాబ్ మాస్టారు వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా బల్లమీద పెట్టాడు. అంకె చదివి వినిపించాడు.

"గోధుమ ఎక్కడినుంచో లోపలికి పోతోంది" అంది డాక్టరమ్మ. "సాసుల్లో, పొడుల్లో, మాత్రల్లో, ఎక్కడైనా ఉండొచ్చు. వెతకండి. నిజంగా ఏమీ పోకుండానే అంకె ఇలా పెరిగిందంటే మాత్రం ఇది మనమనుకున్నది కాకపోవచ్చు. అప్పుడు వేరే ఏమైనా ఉందేమో చూడాలి. బుధవారం రండి. అన్నట్టు మరోసారి అడుగుతున్నా, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందామ్మా?"

"మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ, జ్వరమొచ్చి. ఇంకెవరికీ లేదు" అంది బైండరమ్మ.

ఫోన్ పెట్టేశాక ఆ 'వేరే' అనే మాట వంటింట్లోనే ఉండిపోయింది. ఎవరూ దాన్ని పైకి అనలేదు. ముగ్గురూ దాని గురించే ఆలోచించారు.

"పుస్తకం తే" అంది వదినగారు.

పుస్తకమంటే బైండరమ్మ తిన్నవన్నీ రాసుకునే పుస్తకం. డాక్టరమ్మ రాయమంటే మామూలు నోటుబుక్కు కొంటే సరిపోయేది. కానీ బైండరు ఇంట్లో కొన్న పుస్తకం ఉంటే నలుగురూ నవ్వరూ? మంచి కాగితం తెచ్చి, పదహారేసి పేజీల ఫారాలుగా మడిచి, తన చేత్తో కుట్టి, నీలం గుడ్డ వీపు వేసి, గట్టి అట్ట కట్టుకుంది. లోపల గళ్ళు గీసింది మొగుడు. తేదీ, వేళ, తిన్నది, కడుపు పరిస్థితి. కడుపు బాగున్న రోజున నీలం చుక్క, బాగాలేని రోజున ఎర్రచుక్క. మూడు నెలల్లో ఒక్క గడి ఖాళీ లేదు. పక్కింటివాళ్ళు ఇచ్చిన ద్రాక్షపళ్ళు ఎన్నో కూడా రాసి ఉంది.

వదినగారు పేజీలు తిప్పింది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. షాపులో చీటీ మీద డాక్టరు రాత అర్థం కానప్పుడు చూసినట్టు దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. తర్వాత తమ్ముణ్ణి పక్కకు పిలిచి వేలు పెట్టి చూపించింది.

"రెండో నెల నుంచి చూడు. ఆదివారం నీలం. మళ్ళీ ఆదివారం నీలం. మధ్యలో సెలవొచ్చిన రోజు నీలం. మిగతావన్నీ?"

లాబ్ మాస్టారు చూశాడు. ఆయన ముఖంలో ఏదో మారడం బైండరమ్మ గమనించింది. పదకొండేళ్ళ కాపురంలో ఆ ముఖం ఆమెకు అచ్చుపుస్తకం.

"పనికెళ్ళిన రోజుల్లో ఎరుపు" అన్నాడాయన మెల్లగా.

"ఇంట్లో నీ కళ్ళముందున్న రోజున కడుపు బాగుంటుంది. గడప దాటితే చెడుతుంది. ఆ బైండింగు షాపు పక్కన బేకరీ ఉందా లేదా?" వదినగారు మరదలి వైపు తిరిగింది. "నేను తప్పుపట్టడం లేదమ్మాయ్. నోరు కట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలీదా? రోజూ మా షాపుకొచ్చే షుగరు పేషెంట్లు అందరూ నా దగ్గర ఒట్టేసేవాళ్ళే. ఒక బన్ను తిన్నావనుకో, తిన్నానని చెప్పు. చెప్తే డాక్టరమ్మకీ దారి దొరుకుతుంది. మేం పేగుల్లో ఏముందో అని హడలి చస్తున్నాం ఇక్కడ."

"నేను తినలేదు వదినా."

"ఎప్పుడూ? ఒక్కసారి కూడా?"

"వాసన చూశాను" అంది బైండరమ్మ. నిజమే. సాయంత్రం ట్రేలు బయటికి తీసే వేళకు ఆ బేకరీ ముందు చెప్పు సరిచేసుకునే నెపంతో ఆగేది. రోజూ ఎవరికైనా చెప్పు ఊడుతుందా? అయినా ఆగేది. "వాసన చూసినంత మాత్రాన రక్తంలో అంకె పెరుగుతుందా?"

వదినగారు నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో నమ్మకం లేదు. బైండరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ఒక్కమాట అంటే చాలు, వదినగారి మాట గాలికి పోతుంది. ఈయన కూడా మూడు నెలలుగా బ్రెడ్డు ముట్టలేదు. నువ్వు తినంది నాకెందుకని మానేశాడు. మొక్కజొన్నపిండితో, బంగాళాదుంప పిండితో రొట్టె కాలుస్తానని ఆదివారాలన్నీ ఓవెన్ ముందు కూర్చున్నాడు. మొదటి రొట్టె తలుపుకు అడ్డుపెట్టుకోవడానికి పనికొచ్చింది. రెండోది అందుకూ పనికిరాలేదు. ఏడోది మాత్రం ముక్కలుగా తెగింది, ఆ రోజు ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకుంటూ తిన్నారు. అలాంటి మనిషి.

ఆయన పుస్తకం మూసి బల్లమీద పెట్టాడు.

"నేనేమీ అనను. కోపం కూడా తెచ్చుకోను. నిజం చెప్పు. బయట ఏమైనా తింటున్నావా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వదినగారు వంద మాటలన్నా తుడిచేసుకునేది. ఈ మాట గుచ్చుకుంది. రోగం ఉందో లేదో డాక్టర్లే తేల్చలేకపోతున్నారు, సరే. పేగు ముక్క కూడా అబద్ధమో నిజమో చెప్పలేకపోయింది, సరే. ఈ మనిషికి కూడా తను అనుమానంగానే మిగిలితే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

"మీరు కూడానా?" అంది.

"పట్టిక అలా చెబుతోంది కదా..."

"పట్టికనే కాపురానికి తెచ్చుకోకపోయారా!" అని విసురుగా పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. తినకపోవడమూ రాయాలి కదా అని ఆ గడిలో అడ్డగీత గీసింది, అంత కోపంలోనూ.

మర్నాడు పొద్దున్నే మొగుడితో మాటా పలుకూ లేకుండా బయల్దేరింది. చంకలో నీలం వీపు పుస్తకం. ఇవాళ ఆమె ఒక పంతం పట్టింది. 'తిన్నావా, తిన్నావా' అని కదా చంపుతున్నారు! కొత్త పేజీ తీసి, మొగుడు గీసిన గళ్ళలో 'తిన్నది' అన్న మాటను కొట్టేసి, దానిమీద పెద్ద అక్షరాలతో 'నోట్లోకి పోయింది' అని రాసింది. తిండైనా, నీళ్ళైనా, దారి తప్పి దోమే పడినా సరే, రాయకుండా వదలకూడదు. బుధవారం నాడు ఈ పేజీలు ముగ్గురి ముఖాన పెట్టి, ఇక వెతుక్కోండి అనాలి. నడుస్తూనే మొదటి రెండు వరసలు నింపింది. ఏడున్నర, మంచినీళ్ళు. ఎనిమిదింబావు, లవంగం.

గడియారాల రిపేరు షాపుకూ బేకరీకీ మధ్యనున్న రెండు గదులే వాళ్ళ బైండింగు షాపు. ఒక గదిలో ఇనుప ప్రెస్సు, అట్టలు కోసే కత్తెర మెషీను. ఇంకో గదిలో లైబ్రరీ నుంచి వచ్చిన వీపులూడిన పుస్తకాలు, నేల నుంచి కిటికీ దాకా. షాపు ఆమె మేనమామది. అమ్మ పోయాక ఆమెను పెంచిందీ, చేతికి పని నేర్పిందీ ఆయనే. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. పుస్తకాలు కుట్టే పెద్ద సూదిని దబ్బనం అంటారు కదా, పేటలో అందరూ ఆయన్ని దబ్బనం మావయ్య అనే పిలుస్తారు. ఆయనా ఆ పేరుకే పలుకుతాడు.

"ఏమ్మా, ముఖం ప్రెస్సులో పెట్టి తీసినట్టుంది?" అన్నాడు ఆమెను చూడగానే.

"ఏం లేదు మావయ్యా."

"రిపోర్టొచ్చిందా?"

"వచ్చింది. దొంగతనంగా బన్నులు తింటున్నానట."

"రిపోర్టులో అది కూడా రాస్తారా?" అని నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి మానేశాడు. బల్లకింద నుంచి సోడా సీసా తీసి ఒక గుక్క తాగి, పొట్ట నిమురుకున్నాడు. పొద్దున్నే ఆయనకది మామూలే. తన కడుపు తనకు చిన్నప్పటి నుంచీ పగవాడని చెప్పుకుని నవ్వించేవాడు. "నువ్వు జిగురు ఉడకెయ్యి. ఇవాళ ఇరవై పుస్తకాలకు అట్టలు ఎక్కించాలి" అన్నాడు.

ఆమె చిన్న గ్యాస్ పొయ్యి వెలిగించింది. గిన్నెలో మైదా వేసి, చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా పోసి, ఉండ కట్టకుండా కలిపి, సన్నని మంటమీద పెట్టి గరిటె తిప్పుతూ నిలబడింది. ఆ షాపులో బజారు గమ్ము వాడరు. డబ్బా గమ్ముతో అతికిన పుస్తకం పదేళ్ళకు పెళుసెక్కి విరుగుతుందని మావయ్య నమ్మకం. ఏ రోజు జిగురు ఆ రోజే ఉడకాలి. తెల్లటి పిండినీళ్ళు చిక్కబడ్డాయి, మెరుపెక్కాయి, గరిటెకు పట్టుకుని జారాయి. మంట తగ్గించి, చిటికెన వేలి కొసతో కాస్త తీసి, ఊది, నాలుక మీద పెట్టుకుంది.

పచ్చివాసన పోయింది, పిండి రుచి లేదు. బాగా ఉడికింది.

పన్నెండో ఏట మావయ్య నేర్పిన పద్ధతి అది. రంగు చూసి నమ్మకు అమ్మడూ, నాలుకకు అంటించుకుని చూడు, ఇంకా పిండిలా అనిపిస్తే అట్ట పట్టదు అనేవాడు. అప్పటి నుంచీ ఇరవై నాలుగేళ్ళుగా పొద్దున్నే ఆ పని ఊపిరి పీల్చినంత మామూలుగా చేస్తోంది.

పంతం పంతమే కదా. పొయ్యి ఆర్పి, చెయ్యి తుడుచుకుని, పుస్తకం తీసి 'నోట్లోకి పోయింది' కింద తొమ్మిది గంటలు అని వేసింది. జి అని రాసింది. గు రాసింది.

రు రాయలేదు.

పెన్ను అక్కడే ఆగిపోయింది. ఆమె గిన్నె వైపు చూసింది. గిన్నె పక్కన మడిచి పెట్టిన మైదా సంచి చూసింది. మైదా అంటే ఏమిటి? గోధుమ కాదూ? ఇంట్లో పిండి డబ్బాలు కడిగి, గిన్నెలు మార్చి, సాసు సీసాల మీద చీమతలకాయంత అక్షరాలు భూతద్దం పెట్టి చదివిన మనిషి, పొద్దున్నే లేచి వచ్చి వేలితో గోధుమ నాకుతోంది. తినలేదు. ఒట్టేసి చెప్పగలదు, తినలేదు. జిగురును ఎవరైనా తింటారా?

అంతటితో అయిందా? ఆమె తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. కాగితం విడదీయాలంటే ఆ వేలు నాలుకకు తాకాలి. ఫారం ఎత్తితే ఒకసారి, మడిస్తే ఒకసారి, అంచు సరిచూస్తే ఒకసారి. వేళ్ళ నిండా జిగురు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఇరవై పుస్తకాలకు, ఎన్నిసార్లు? పేజీలు గబగబా వెనక్కి తిప్పింది. ఆదివారం షాపు మూత, నీలం. సెలవు, నీలం. హాయిగా గడిచిన ఆ మొదటి నెల ఏ నెల? షాపులో నేల కుంగి, గచ్చు తవ్వి కొత్త బండలు పరిపించిన నెల. నెలంతా షాపు తాళం తీయలేదు!

బైండరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముక్కు ఎగబీల్చింది. మావయ్య ప్రెస్సు చక్రం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? చెయ్యి కాల్చుకున్నావా?"

"జిగురు మావయ్యా! జిగురు!"

"మాడిందా?"

"నేను జిగురు తింటున్నాను!"

"జిగురెందుకు తింటావే, ఆకలేస్తే అన్నం తినక!" అన్నాడాయన కంగారుగా. ఆమె సంచి చూపించింది, వేలు చూపించింది, పుస్తకంలో నీలం చుక్కలు చూపించింది. ఆయన అర్థమయ్యీ కానట్టు వింటూ ఉన్నాడు. "ఓస్, అదీ ఒక తిండేనా? గోరంత" అన్నాడు.

"నలుసు చాలంది డాక్టరమ్మ."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

ఆమె ఫోన్ తీసి మొగుడికి చేసింది. అవతల పిల్లల గోల, గాజు గొట్టాల చప్పుడు. "క్లాసులో ఉన్నా, ఏమైంది? కడుపు నొప్పా?" అన్నాడు హడావిడిగా. రాత్రి కోపం ఆ గొంతులో ఎక్కడా లేదు, బెంగ మాత్రం ఉంది.

"నేను తినలేదండీ" అంది. "నాకాను."

"ఏంటీ?"

"నాకాను! జిగురు! మైదా జిగురు!"

లాబ్ మాస్టారికి విషయమంతా ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఫోన్ పట్టుకుని క్లాసు బయటికి నడిచాడు. పిల్లల గోల దూరమైంది.

"పట్టిక తప్పు చెప్పలేదు" అన్నాడు చివరికి. "నేనే తప్పు చదివాను. నిన్నలా అడగకుండా ఉండాల్సింది."

"అడిగారు కాబట్టే దొరికింది లెండి" అంది. అన్నాక, అది తను మనస్ఫూర్తిగానే అన్నానని ఆమెకే ఆశ్చర్యమేసింది. "అలాగని మర్చిపోతాననుకోకండి."

"మర్చిపోవద్దు. అక్కకి నేను చెప్తాను, నీకు క్షమాపణ చెప్పమని."

"వద్దు, నేనే చెప్తా. ఆదివారాల సంగతి పట్టింది ఆవిడేగా. ఆవిడ వేలు పెట్టి చూపించకపోతే నాకు తోచేదే కాదు."

ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. రోగం తేలిపోలేదని ఆమెకు తెలుసు. బుధవారం డాక్టరమ్మ మళ్ళీ మూడు నెలలు అనొచ్చు. జిగురు మానేశాక కూడా అంకె దిగకపోతే ఆ 'వేరే' మళ్ళీ గుమ్మంలోకి రావచ్చు. అవన్నీ ఉన్నాయి. కానీ తను అబద్ధాలకోరు కాదు. తన ఒళ్ళు ఎర్రచుక్క పెట్టిన ప్రతిరోజూ నిజమే చెప్పింది. ఈ క్షణానికి అదే ఆమెకు కొండంత.

"మావయ్యా, జిగురు బియ్యప్పిండితో ఉడకేసుకోవచ్చా?" అని అడిగింది, కాస్త భయపడుతూనే. జిగురు విషయంలో ఆయనతో వాదించినవాళ్ళు ఆ పేటలో లేరు.

"పట్టు తక్కువ" అన్నాడాయన. గిన్నెలోకి తొంగి చూసి, "పలచగా రెండు పూతలు వెయ్యాలి. వేద్దాం" అన్నాడు. మైదా సంచి పక్కకు జరిపి, "నాలుకకు పెట్టుకోమని నేనే నేర్పాను కదూ?" అన్నాడు.

"నువ్వు పని నేర్పావు మావయ్యా. రోగం నేర్పలేదు."

ఆయన గోడకు గుచ్చిన దబ్బనం తీసుకున్నాడు. ఫారాలకు రంధ్రాలు పొడుస్తాడు కాబోలనుకుని ఆమె ఒక పుస్తకం ఆయన వైపు జరిపింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. నడుముకున్న తోలు బెల్టు విప్పి బల్లమీద పరిచి, వేలితో కొలుచుకుని, దబ్బనం కొస ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. కొత్త కన్నం పడింది.

ఆ బెల్టు ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. దాని కొస చాలా పొడుగ్గా వేలాడుతుంటే, పాతదై సాగిందని ఆయన నవ్వితే తనూ నవ్వేది. దాన్ని ఇలా పరిచి ఉండగా ఎప్పుడూ చూడలేదు. కంపెనీవాళ్ళు వేసిన ఐదు కన్నాలు కొసన ఉన్నాయి. వాటి వెనకాల దబ్బనంతో పొడిచినవి, ఒకదాని తర్వాత ఒకటి, లోపలికి, లోపలికి నడుచుకుంటూ వచ్చాయి. పాతవి నల్లబడి సాగి ఉన్నాయి. అన్నింటికంటే లోపలిది ఇప్పుడే పడింది, ఇంకా తెల్లగా ఉంది.

"ఇది ఎన్నోది మావయ్యా?" అని అడిగింది.

"నేను పొడిచిన వాటిల్లోనా? తొమ్మిదో పదో. నీకు పని నేర్పిన ఏడాది మొదటిది పొడిచాను." బెల్టు మళ్ళీ పెట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు. "ఆ డాక్టరమ్మ, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా అని అడుగుతుందని ఎప్పుడో అన్నావే. ఏం చెప్పావు?"

"ఎవరికీ లేదని చెప్పాను."

దబ్బనం మావయ్య సోడా సీసా మూత బిగించి, బల్లకింద పెట్టాడు.

"బుధవారం నేనూ వస్తా" అన్నాడు. "ఆ మాట కొట్టేయిద్దాం."